ఒంటి మీద చదువుకున్న చెట్లు

పొద్దున్నే నర్సరీ గేటు తీయగానే రేకుల షెడ్డు కింద ఉన్న పొడుగాటి బల్ల మీద పుల్లలు పరిచేవారు. ఆకులు దూసేసి, పూలు గిల్లేసి, మూరెడు పొడవున కోసిన వట్టి పుల్లలు. పనివాళ్ళంతా బల్లకు ఇటు వరసగా నిలబడాలి. అటు పెద్దమేస్త్రి. ఒక పుల్ల ఎత్తి పట్టుకుని "ఏ చెట్టు?" అంటాడు. అడిగీ అడగ్గానే పేరు చెప్పాలి. నసిగినా తప్పే. తప్పు చెప్పినవాళ్ళను అదే పుల్లతో బాదేవాడు. ముంజేతి మీద, వీపు మీద, పిక్కల మీద, చేతికి ఎక్కడ అందితే అక్కడ.

కత్తెరక్క ఆ బల్ల ముందు ఏళ్ళ తరబడి ఎదురు చెప్పకుండా నిలబడింది. కొమ్మ కత్తిరించడంలో ఆమె చెయ్యి సాఫీ, అందుకే అందరూ ఆ పేరుతో పిలుస్తారు. పనిలో చేరిన కొత్తలో కాగితంపూల కొమ్మను గోరింట అంది. మేస్త్రి ఒక్కటిచ్చాడు. వంకీ తిరిగిన ముల్లు ముంజేతిలో దిగి అక్కడే విరిగింది. సాయంత్రానికి చెయ్యి దిబ్బరొట్టెలా ఉబ్బింది. ఇంట్లో అడిగితే "పనిలో గీసుకుంది" అంది. పిన్నీసు కాల్చి ముల్లు తీసుకుంది. మర్నాడు మళ్ళీ వరసలో నిలబడింది.

ఆ నర్సరీలో ప్రతి దెబ్బకూ ఆ ఒక్క మాటే. "గీసుకుంది." చెట్లతో పని కదా, కొమ్మలు గీసుకోవూ? ఆఫీసులో వాళ్ళు నమ్మారు. ఆస్పత్రిలో వాళ్ళు నమ్మారు. మొగుడూ పెళ్ళాలు కూడా ఒకరి మాట ఒకరు నమ్మారు, లేదా నమ్మినట్టు ఊరుకున్నారు.

పెద్దమేస్త్రి నేర్పేవాడని అందరూ అంటారు. ఆయన నేర్పింది ఏమీ లేదు, అడిగేవాడంతే. కత్తెరక్క తనంతట తనే నేర్చుకుంది. మధ్యాహ్నం అందరూ నీడన నడుం వాల్చితే ఆమె చెట్ల మధ్యకు వెళ్ళి కళ్ళు మూసుకుని కొమ్మలు తడిమేది. ఆకు రాలినచోట మచ్చ ఉంటుంది. నేరేడుకు ఆ మచ్చలు ఎదురెదురుగా జంటలు. కానుగకు ఒకటి ఇటు, ఒకటి అటు. గన్నేరుకు కణుపు దగ్గర మూడేసి. దేవగన్నేరు కొమ్మ మొద్దుగా, బొటనవేలంత మచ్చలతో ఉంటుంది. మందారం బెరడు గోటితో లాగితే నారలా ఊడొస్తుంది. బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికున్నట్టు, గోధుమ రంగైతే చచ్చినట్టు.

ఏ చెట్టు ఎక్కడ పెట్టాలో కూడా అలాగే తెలిసింది. తురాయి అందమైనదే, కానీ గాలికి పుటుక్కున విరుగుతుంది, కార్లు నిలిపేచోట పెట్టకూడదు. రబ్బరు చెట్టు వేళ్ళు నడకదారి రాళ్ళను పైకి లేపేస్తాయి. కాగితంపూలు గోడ మీదికి పాకించాలి తప్ప మనుషులు నడిచే దారి పక్కన కాదు. గన్నేరు విషం, పిల్లలు ఆడుకునేచోట వద్దు. అపార్టుమెంట్లకూ ఆస్పత్రులకూ ఆ కంపెనీ వేసిన తోటల్లో నీడ పడమటి గోడ మీద సరిగ్గా పడిందంటే, ఆమె మేస్త్రి చెవిలో వేసిన మాట వల్లే. ఆ మాట మేనేజరు దగ్గరికి మేస్త్రి మాటగానే చేరేది.

సీనియరు అయ్యాక ఆమెకు ఇంకో పని తగిలించారు. రోజూ బల్ల మీద పరిచే పుల్లలు కోసేది ఆమే. అంటే పక్కవాడి వీపు మీద విరిగే కర్ర ఆమె కత్తెరలోంచే వచ్చేది.

అప్పుడు చెల్లెలు వచ్చింది. బట్టలు కుట్టే మిల్లు మూతపడితే అక్క దగ్గర పనికి చేరింది. దాని నోరు ఆగదు. వచ్చిన వారానికే టపాకాయ అని పేరు పడిపోయింది.

కత్తెరక్క పని నుంచి వచ్చాక ఒంటిగదిలో చాప మీద పుల్లలు పరిచి చెల్లెలికి నేర్పేది.

"ఇది చూడు. మచ్చలెలా ఉన్నాయి?"

"చికెన్‌పాక్స్ వచ్చినట్టున్నాయి."

"వేళాకోళం చాలు. ఎదురెదురుగా ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి. నువ్వూ బావా తగువు పడ్డప్పుడు కూర్చున్నట్టు."

"అయితే ఏ చెట్టు?"

"నేరేడు. సరేనా? అయినా అక్కా, ఆ మేస్త్రి ఏంటే? మనిషా, తుమ్మ మొద్దా? మొన్న పొడుగోడి పిక్క మీద కొడితే రక్తం చెప్పుల్లోకి దిగింది. మీరంతా ఏం చూస్తూ నిలబడతారు?"

అక్క వంగి పుల్లలు ఏరి కట్టగట్టింది.

ఆ రోజు నుంచి మాత్రం ఒక పని చేసింది. ఏ కర్ర దెబ్బకు సాగుతుందో, ఏది పుటుక్కుమంటుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సరుగుడు కొరడాలా చుట్టుకుంటుంది. మందారం ఎంత కొట్టినా విరగదు. అందుకని చెల్లెలి వంతు వచ్చేచోట తురాయి పుల్ల, ఎండిన మునగ పుల్ల పెట్టేది. మేస్త్రి కొట్టగానే అవి రెండు ముక్కలయ్యేవి. టపాకాయకు నవ్వొచ్చేది. వరసలో వాళ్ళకూ నవ్వొచ్చేది. ఆ నవ్వులు మేస్త్రి చూశాడు.

"అన్నీ ఎండు పుల్లలేనా? చెల్లెలికి మెత్తటి పరుపు వేస్తున్నావన్నమాట" అన్నాడు ఒక పొద్దున. బల్ల వదిలి నేరుగా కంచె దగ్గరికి నడిచాడు. అక్కడ కాడజెముడు ఉంది. ఆకులుండవు, పెన్సిలంత లావు పచ్చటి కాడలు గుబురుగా పెరుగుతాయి. ఎక్కడ తుంచినా తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు చర్మం మీద పడితే బొబ్బ, కంట్లో పడితే నిప్పు. తోటపని చేసేవాళ్ళు దాన్ని కత్తిరించేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకుంటారు.

మేస్త్రి అడుగున ముదిరిన కొమ్మను మెలితిప్పి విరిచాడు. పాలు చేతి తొడుగు మీదుగా ధారకట్టాయి.

"మేస్త్రిగారూ, అది వద్దు" అంది కత్తెరక్క. అన్నేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే.

ఆయన వినలేదు. కొమ్మను టపాకాయ ముఖం ముందు ఊపాడు. "ఏ చెట్టు?"

"ఇది చెట్టేంటి మేస్త్రీ, కంచె. మేకలు కూడా మూతి పెట్టవు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. కొమ్మ గాల్లో లేచి ఆమె చెంప మీద, కళ్ళ మీద పడింది. పాలు ముఖమంతా చిమ్మాయి. ఆమె కేక వేసిన తీరుకు షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. రెండు చేతులతో కళ్ళు మూసుకుని వంగిపోతుంటే మెడ మీద ఇంకోటి, వీపు మీద ఇంకోటి. "పేరు చెప్పు! పేరు చెప్పవే!" అని అరుస్తూనే కొట్టాడు.

కత్తెరక్క బల్ల ఎక్కి దూకింది. పుల్లలు చెల్లాచెదురయ్యాయి. ఆయన గుండెల మీద తలతో గుద్దింది. ఇద్దరూ కుండీల మీద పడ్డారు. ఆయన పక్కనున్న పార కామ అందుకుని ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వరసలో చివరివాడికీ వినబడింది. ఆమె వదల్లేదు. ఆ చేతి మణికట్టు పట్టి కొరికింది. నోటికి ఉప్పగా తగిలేదాకా కొరికింది. ఆయన ఆమె పొట్టలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

అంతమంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. కంచెలు కత్తిరించే మిషను నడిపే ముసలాయన, అందరికీ మిషను బాబాయి, ఆయన ఒక్కడే కదిలాడు. అది కూడా కొట్లాట వైపు కాదు. నీళ్ళ పైపు ఈడ్చుకొచ్చి టపాకాయ ముఖం మీద వదిలాడు. "కళ్ళు తెరవమ్మా, తెరువు, మంట పుట్టినా తెరువు" అని ఏడుస్తూ నీళ్ళు కొడుతూనే ఉన్నాడు.

ఆ నీళ్ళ వల్లే ఒక కన్ను దక్కింది. రెండోదాంట్లో పొగమంచు మిగిలింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు.

ఆస్పత్రి వార్డులోకి మేనేజరు పళ్ళ సంచితో వచ్చాడు.

"పాపం, ఎంత పనైంది. కంచె కత్తిరిస్తుంటే పాలంటాయి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంది. అజాగ్రత్త. అంతే కదమ్మా?"

"కాదు సార్. మేస్త్రి కొట్టాడు" అంది కత్తెరక్క.

"నువ్వు కూడా మేస్త్రిని కరిచావు. ఆయనకు కుట్లు పడ్డాయి. కేసు దాకా వెళ్తే ఎవరికి మంచిది చెప్పు? మిగతావాళ్ళందరినీ అడిగాను. గీసుకుందనే అంటున్నారు."

అక్కడే ఉన్న చెల్లెలు కళ్ళకు కట్టుతోనే అంది: "సార్, ఆ పళ్ళు మేస్త్రికివ్వండి. నమలడానికి చెయ్యి నొప్పేమీ ఉండదుగా."

కత్తెరక్క కట్టుకట్టిన భుజంతోనే కార్మిక శాఖకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. చెల్లెలు అజాగ్రత్త మనిషని రాసేస్తే ఆమెకు ఇంకెక్కడా పని దొరకదు. మేస్త్రి అదే బల్ల వెనక నిలబడతాడు, రేపు ఇంకొకరి కళ్ళు పోతాయి. అలా కాకూడదంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఆమె ఇంటింటికీ తిరిగింది. పొడుగోడు తలుపు సందులోంచే "నాకు పిల్లలున్నారక్కా" అన్నాడు. మిషను బాబాయి దండం పెట్టి తలుపు వేసుకున్నాడు.

విచారణ ఆ షెడ్డులోనే జరిగింది. వచ్చిన అధికారిణి ఒక్కొక్కర్నీ అడిగింది. మేస్త్రి మణికట్టుకు పట్టీతో కుర్చీలో, పక్కన మేనేజరు.

"మేస్త్రి మిమ్మల్ని కొడతాడా?"

"లేదు మేడం."

"మరి ఈ మచ్చలు?"

"పనిలో గీసుకున్నాయి మేడం."

అందరిదీ అదే మాట. అధికారిణి పెన్ను మూత పెట్టబోతుంటే కత్తెరక్క లేచి, పొడుగోడి దగ్గరికి వెళ్ళి, అతని ప్యాంటు అంచు పైకి లాగి, పిక్క మీది పొడుగాటి మచ్చ మీద వేలు పెట్టింది. మేస్త్రి గొంతుతో, మేస్త్రి విసురుతో అరిచింది:

"ఏ చెట్టు?"

"సరుగుడు!" అన్నాడు పొడుగోడు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నసిగితే దెబ్బ పడుతుందని ఏళ్ళ తరబడి బెదిరిన నోరది. ఆలోచనకన్నా ముందే జవాబు బయటపడింది.

ఆమె ఆగలేదు. నీళ్ళు పట్టే పిన్ని మోచేయి తిప్పింది. "ఏ చెట్టు?" "గోరింట!" మిషను బాబాయి మెడ వెనక. "ఏ చెట్టు?" ఆయన ఈసారి ఉలిక్కిపడి అనలేదు. తల ఎత్తి, మేస్త్రి వైపు చూసి, నింపాదిగా చెప్పాడు. "నేరేడమ్మా. దాన్ని కానుగ అన్నానని కొట్టాడు."

"మేడం," అంది కత్తెరక్క, "రోజుకి పది గీసుకుంటాయి మాకు. దేనికి ఏది గీసుకుందో ఎవరికి గుర్తుంటుంది? గీతకు పేరుండదు. వీటికి పేర్లున్నాయి."

"నాటకాలు" అన్నాడు మేనేజరు. "వీళ్ళకు ముందే నేర్పించి తెచ్చింది."

ఆమె తన చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి పైన చీలిన వెడల్పాటి మచ్చ. దాన్ని మొన్నే పనిలో చేరిన పిల్ల ముందు పెట్టింది. "ఏ చెట్టు?" ఆ అమ్మాయి "కా... కాగితంపూలు" అంది.

"కాగితంపూలేంటే దున్నపోతా!" కుర్చీలోంచి మేస్త్రి గర్జించాడు. "ముల్లు గాటు కనిపిస్తోందా అక్కడ? అది పొగడ. రెండు దెబ్బలకి..."

ఆగిపోయాడు. తప్పు జవాబును ఒక్కసారి కూడా సహించని మనిషి, ఆ పూటా సహించలేకపోయాడు.

అధికారిణి పెన్ను మూత తీసింది. ఆ తర్వాత చొక్కాలు ఎవరూ లాగనక్కరలేదు, వాళ్ళే పైకెత్తారు.

మేస్త్రి మీద కేసు నడుస్తోంది. కంపెనీ మాత్రం అది ఆయన సొంత తప్పనీ, తమకు తెలియదనీ అంటోంది. టపాకాయను పనిలోంచి తీసేయలేదు. ఆమె ఇప్పుడు ఒంటి కన్నుతో, ఇంకా ఎక్కువగా వేళ్ళతో, మొక్కలు గుర్తుపడుతుంది. నోరు మాత్రం తగ్గలేదు. కత్తెరక్క భుజం వానాకాలంలో లాగుతుంది. కొత్తవాళ్ళకు ఆమే నేర్పుతోంది. పుల్ల చేతికిస్తుంది, తప్పు చెబితే ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి తడమమంటుంది. నాలుగోసారి తప్పు చెప్పినవాణ్ణి చూసి మొన్న పొడుగోడే అన్నాడట, "అక్కా, ఒక్కటి పీకితే జన్మలో మరచిపోడు" అని. అది విని ఆమె అతని పిక్క మీది మచ్చ వైపు వేలు చూపించింది. దెబ్బ కొట్టినవాడు పోయినా, దెబ్బే చదువనే నమ్మకం తిన్నవాళ్ళలో మిగిలిపోతుంది. అది కేసులతో పోయేది కాదు.

ఇది చదువుతున్న మీ ఇంటి ముందు, మీ ఆఫీసు ముందు, మీ పిల్లల బడి ముందు ఎవరో ఆ చెట్లు నాటి ఉంటారు. వాళ్ళు ఎలా నేర్చుకున్నారో వెళ్ళి అడగండి. మేస్త్రి పక్కన ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు అడగండి. తోట గుత్తకిచ్చేటప్పుడు పనివాళ్ళ మీద చెయ్యి పడితే గుత్త రద్దని ముందే ఒప్పించండి. గ్యారేజీలో, హోటల్లో, కుట్టుమిషన్ల దగ్గర, ఎక్కడైనా పని నేర్పే పేరుతో కొడుతుంటే చూసి తప్పుకుపోకండి. కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి, పిలిస్తే వెళ్ళి సాక్ష్యం చెప్పండి. అన్నిటికన్నా ముందు, "మేమూ దెబ్బలు తినే నేర్చుకున్నాం" అని గొప్పగా చెప్పుకోవడం ఈ రోజే మానేయండి.