కర్నూలుకూ కడపకూ నడిమధ్య

బట్టల కొట్టులో పుట్టినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరేం చెప్పినా అందులో సగానికి అడగడం. అవతలివాడు పైనుంచి దిగుతాడు, మనం కిందినుంచి ఎక్కుతాం, నడిమధ్య ఎక్కడో చేతులు కలుస్తాయి. లోకంలోని తగాదాలన్నీ ఇట్లాగే తెగుతాయని నేను చాలాకాలం నమ్మాను.

అలాంటివాడు ఆర్ భాషకు ఎట్లా చిక్కాడో ఆ దేవుడికే తెలియాలి. ఆర్ అంటే గణాంకాల పని చేయించుకునే కంప్యూటరు భాష. ఊరికే దొరుకుతుంది. బేరానికి చోటే లేని సరుకు. పొద్దున డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి, సాయంత్రం మా కొట్లో గల్లా దగ్గర కూర్చునే రోజుల్లో, ఆ భాష నేర్చుకుందామనుకున్న కొందరం ఆదివారాలు కర్నూలులోని ఒక నెట్ సెంటర్లో కూడేవాళ్లం. ఆ గుంపుకు పెద్దను నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. నెట్ సెంటర్ అతనితో గీచి గీచి బాడిగ తగ్గించింది నేను కాబట్టి పెద్దనయ్యాను. కడపలోనూ అలాంటి గుంపు ఒకటి ఉండేది. దానికి పెద్ద ఒక రిటైరైన లెక్చరరు. మా ఇద్దరికీ తేడా ఒకటే, ఆయనకు ఆ భాష వచ్చు.

మా గుంపులో వ్యవసాయంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకామె ఉండేది. కొత్త కొర్ర రకాన్ని పాత రకం పక్కన రైతుల చేలల్లో వేయించి, కోతలకు ఒక ట్రాక్టరు డ్రైవరును వెంటబెట్టుకుని తానే పోయి దిగుబడి తూకం వేయించుకుంది. ఎండకు మొహం నల్లబడిందే తప్ప లెక్కలో కొత్తదానికీ పాతదానికీ తేడా తేలలేదు. చేలో మాత్రం తేడా కళ్లారా చూశానని ఆమె పట్టు. సోమవారంలోగా ఆ అధ్యాయం గైడుకు చూపించకపోతే గడువు దాటిపోతుంది, అంతవరకూ పడిన పాటంతా నీళ్లలో కలుస్తుంది. నేను ఆ లెక్కను ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను. గదమాయించాను కూడా. ఆర్ పైసా దిగలేదు.

"ఇంగ కడప సారే దిక్కన్నా," అందామె.

ఫోన్లో ప్రయత్నించాం. బ్రాకెట్టు ఎక్కడ తెరవాలో, కామా ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పేలోగా లైను తెగిపోయేది. ఎదురుగా కూర్చుంటే తప్ప అయ్యే పని కాదు. ఆమెకు చంటిబిడ్డ, పొద్దు గూకేసరికి ఇల్లు చేరాలి. ఆయనకు మోకాళ్ల నొప్పులు, పైగా ఆదివారం చర్చికి పోకుండా ఊరు కదలరు. అందుకని మాట్లాడే పని నేను అందుకున్నాను.

"సార్, కర్నూలుకు రాండి."

"నువ్వే కడపకు రాప్పా. కారం దోశ తిని పోదువు."

"పోనీ, నంద్యాల?"

"మైదుకూరు."

"మీదీ వద్దు మాదీ వద్దు సార్. నడిమధ్యన."

"అయితే ఆళ్లగడ్డ. ఆడ జనరేటరున్న లాడ్జీ ఉండాది."

అక్కడ ఊరుకుంటే నేను మా నాయన కొడుకునెట్లా అవుతాను? ఆళ్లగడ్డ మాకు కొంచెం ఎక్కువ దూరమవుతుందని మొండికేసి, ఇంకా ఇవతలికి లాగి, చేల మధ్య రోడ్డు పక్కనున్న ఒక కల్యాణ మండపాన్ని ఖాయం చేశాను. దాని యజమాని నేనడిగిన బాడిగకు మొదటి మాటకే ఊఁ అన్నాడు. మొదటి మాటకే ఊఁ అన్నవాణ్ణి నమ్మగూడదని చిన్నప్పుడు మా కొట్లో అరుగు మీదే నేర్చుకున్నాను. ఆ రోజు గెలిచిన సంబరంలో మరిచాను.

ఆదివారం మధ్యాహ్నం కాలేజీ ప్రొజెక్టరును అట్టపెట్టెతో సహా చీరల సంచిలో పెట్టుకుని ఆమెతోపాటు బస్సు దిగాను. మండపంలో స్విచ్చులన్నీ వేసి చూశాను. ఒక్క ఫ్యానూ కదల్లేదు.

"కరెంటు యాడప్పా?" అన్నాను యజమానితో.

"పొద్దన ఉండె. ఇప్పుడు పాయె. మళ్లా చీకటి పడినాకే."

"ముందే చెప్పగూడదా?"

"నువ్వు బాడిగ గురించే అడిగితివి గదప్పా. కరెంటు గురించి అడిగితివా?"

ఆమె లాప్‌టాప్ తెరిచి బ్యాటరీ గుర్తు చూసి, మళ్లీ మూసేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో కడప సారు దిగారు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, పెళ్లి కుర్చీల దొంతరలోంచి ఒకటి లాక్కుని కూర్చుని, ముందు ఆమెనే అడిగారు.

"చేలు యాడమ్మా?"

"సగం పత్తికొండ దిక్కు ఎర్రనేలలు సార్. సగం కోవెలకుంట్ల దిక్కు నల్లరేగడి."

"రెండూ కలిపి సగటు తీసినావా?"

"తీసినా సార్."

ఆయన ఖాళీ మండపాన్ని ఒకసారి కలయజూసి నా వైపు తిరిగారు. "ఇది ఏ ఊరప్పా?"

"ఏ ఊరూ కాదు సార్. నడిమధ్య."

"ఈడ కర్నూలోల్లు ఉండారా?"

"లేరు సార్."

"కడపోల్లు?"

"లేరు."

"చూస్తివామ్మా! కర్నూలుకూ కడపకూ సగటు తీస్తే ఈయప్పకు ఈ మండపం వచ్చినాది. నీ రెండు నేలలకూ సగటు తీస్తే ఏ రైతుకూ లేని చేను వచ్చినాది. నేలకొక లెక్క కట్టు."

ఆమె నవ్వింది, వచ్చినప్పటినుంచీ మొదటిసారి. నేనూ నవ్వాను, తప్పక. సగటును నమ్ముకుని మోసపోవద్దని డిగ్రీ పిల్లలకు ఏటా చెప్పేది నేనే.

ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసింది. కామా ఎక్కడో బ్రాకెట్టు ఎక్కడో ఈసారి వేలితో చూపించారు. నా వంతుకు వాళ్లకు ప్రొజెక్టరు పెట్టె అట్టమూతతో విసిరాను, మొత్తానికి దానికొక పని దొరికింది. నల్లరేగట్లో కొత్త కొర్ర బాగా ముందుంది. ఎర్రనేలలో పాతదానికంటే వెనకబడింది. రెండూ ఒకదాన్నొకటి మింగేసి తేడా లేదనిపించాయి. ఆమె అంకెలు రాసుకోవడం అయీ కాకముందే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది.

సోమవారం కొట్లో కూర్చున్నానన్న మాటే గాని మనసంతా ఫోన్ మీదే. ఒకామె పట్టుచీరకు సగం ధర అడిగితే సరే అనేశాను. ఆమె భయపడి, చీరలో ఏదో లోపముందనుకుని కొనకుండానే వెళ్లిపోయింది. పొద్దువాలాక ఫోను మోగింది.

"గైడు ఒప్పుకున్యాడన్నా! నేలకొక పట్టిక పెట్టి తిరిగి రాసుకు రమ్మన్యాడు."

"గడువు?"

"పోలేదు. సంతకం పెట్టినాడు."

సంబరంతో గల్లా ముందునుంచి లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చునేసరికి నా బుద్ధి నాకు తిరిగొచ్చింది. పుస్తకం మొదట్లో సాయం చేసినవాళ్ల పేర్లు వేస్తారు కదా, అక్కడ నా పేరు ఎక్కడ పెడతావని అడిగాను.

"సార్‌ది పైన. నీది చివరన్నా."

"ట్రాక్టరు డ్రైవరు కంటే కిందనా?"

"ఆయప్ప ఎర్రనేలకూ వచ్చినాడు, నల్లరేగడికీ వచ్చినాడన్నా."

ఒక్క వరుసైనా పైకి జరపమన్నాను. బిడ్డ ఏడుస్తాంది, మళ్లా చేస్తానని పెట్టేసింది.