ఇంకో టేక్ ఉంటది

ఫిల్మ్ నగర్‌లో మా సినిమాలకి సెట్ సామాను చూసుకునే ఆయనది యూసుఫ్‌గూడ. సీన్లో తిండి ఉంటే దానికి కాపలా ఆయనే. ఎవరి చెయ్యి ప్లేటు మీదికి పోయినా "ముట్టకుండ్రి, ఇంకో టేక్ ఉంటది" అనేవాడు. అసిస్టెంట్ డైరెక్టర్‌నైనా నామీదే ఎక్కువ అనుమానం. ప్యాకప్ అయ్యాక అట్టముక్కల్లా మిగిలిన పిజ్జాలు మాత్రం ఆయనవే.

మిలాన్‌లో షూటింగ్ అయిపోయిన రోజు యూనిట్ అంతా పిజ్జా హోటల్‌కి వెళ్లాం. పిజ్జా రాగానే నేను ముక్క తీయబోతే అలవాటుగా నా చెయ్యి పట్టేసుకున్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆయనా నవ్వి, ఓ ముక్క కొరికి ఉలిక్కిపడ్డాడు.

"నాలుక కాలింది సార్."

నా వైపు వంగి, నాకొక్కడికే వినపడేట్టు అడిగాడు.

"పిజ్జా వేడిగ తింటరా?"