తడి పెయింటు మీద మసి

మన ఈడు గల్ఫ్ దోస్తులారా, ఈరోజు నా సంతోషం ఆగడం లేదు. సౌదీలోని ఈ ఖతీఫ్‌లో నా కొడుకు పాత అమెరికా కారును ఇంటి ముందే తుప్పంతా గీకి, తెల్ల రంగు కొట్టాడు. థిన్నర్ వాసన తగలగానే, మీసాలు రాకముందే ఇక్కడి వర్క్‌షాపులో చేరిన పిల్లాణ్ణయిపోయాను.

గుర్తుందా, యుద్ధంలో కువైట్ నూనె బావులు తగలబడి ఇక్కడ పట్టపగలే చీకటయ్యేది, తడి పెయింటు మీద మసి రాలేది? నాకు పని నేర్పిన లింగన్న, రంగు ఆరేదాకా కారు మీద దుప్పటి ఎత్తి పట్టుకుని ఆ పొగలోనే నిలబడేవాడు.

"నువ్వు లోపటికి పో పిలగా" అనేవాడు. ఆ పొగకు పట్టిన దగ్గుతోనే చివరికి పోయాడు.

ఈరోజు నాకు తెలియకుండానే దుప్పటి తెచ్చి కారు మీద ఎత్తి పట్టాను.

"మొగులు సాఫ్ ఉంది గద బాపూ" అన్నాడు కొడుకు, ఆకాశం వైపు చూపిస్తూ.

"మసి పడ్తది బిడ్డా."

వాడు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.