పెద్దమ్మ పాట, అల్లుడి ఆల్బమ్

పోయిన ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్‌లో ఒక సందేశం పెట్టింది. స్నేహితులంతా కలిసి ఒకరికొకరు పాటలు చెప్పుకునే గుంపు ఒకటి నడుపుతున్నారట. ఈ వారం ఇళ్లలో పెద్దవాళ్ల వంతట. "నాన్నా, నీకు బాగా ఇష్టమైన ఆల్బమ్‌లు ఐదు చెప్పు. సొంతంగా పాట కట్టుకుని పాడేవాళ్లవే కావాలి. ఎందుకు వినాలో ఒక్కోదానికి ఒక్క ముక్క రాయి" అంది. ఒకప్పుడు అదే నా బతుకుతెరువు. అడిగినవాడికీ అడగనివాడికీ పాటలు చెప్పిన నోరు ఇది. నాలుగు పేర్లు చాయ్ చల్లారేలోపే రాసేశాను. ఐదోది కూడా వెంటనే గుర్తొచ్చింది, కానీ వేలు కదల్లేదు. దాన్ని పాడినవాడు ఈ లోకంలో నాకు అందరికంటే గిట్టని మనిషి. ఆ మనిషి మా బావ.

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన కొత్తలో మెయిన్ రోడ్డు మీద నాకో దుకాణం ఉండేది. దుకాణమంటే మరీ ఊహించుకోకండి. రెండు కుర్చీలు, ఒక పాత కంప్యూటరు, నాకు తగలకుండా గోడకు మాత్రమే గాలి కొట్టే ఫ్యాను. జనం తమ ఫోన్లలోంచి గోరంత మెమరీ కార్డు తీసి ఇచ్చేవాళ్లు, నేను వాటిలో పాటలు ఎక్కించి పంపేవాణ్ణి. "అన్నా, మంచియి ఎక్కియ్యి" అనేవాళ్లే ఎక్కువ. మంచివంటే ఏమిటో వాళ్లకూ తెలియదు. అందుకే ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఏం బండి, ఏ రోడ్డు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? బెంగళూరు రోడ్డు మీద పోయే డ్రైవరుకు నిద్ర పట్టనివ్వని పాటలు కావాలి. గగన్‌పహాడ్‌లో మిషన్ల మధ్య పనిచేసేవాడికి మిషన్‌ను మించి అరిచే గొంతు కావాలి. కొత్తగా పెళ్లయినవాడికి ఏది ఎక్కించినా ఒకటే, వాడు ఎలాగూ వినడు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. నేను వినని ఆల్బమ్‌ను ఎవరికీ చెప్పను. ఆ నియమం ఒక్కసారే తప్పాను. దాని కథే ఇదంతా.

సాతంరాయిలో మా ఇంటికి రెండు సందుల అవతల మా పెద్దమ్మ ఉండేది, మా అమ్మకు అక్క. అక్షరం ముక్క రాదు కానీ పాట కట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. కాళ్లు బారజాపుకుని కూర్చుని, ముందు చింతపండు కుప్ప పోసుకుని, గింజలు తీస్తూ పాడేది. మొదటి విమానం ఇంటి మీదుగా పోయినప్పుడు బర్రె తాడు తెంపుకుని పారిపోతే, అది మళ్లీ దొరికేసరికి దాని మీద పాట తయారైంది. విమానాశ్రయం గోడ లోపలికి పోయిన బావి మీద ఒకటి, ఒక్కనాడూ సమయానికి రాని బస్సు మీద ఒకటి, మా అమ్మ పిసినారితనం మీద ఏకంగా మూడు. ఆమె గొంతు జొన్నరొట్టె లాంటిది. కాస్త గరుకు, అక్కడక్కడా మాడు, కానీ విన్నవాడికి కడుపు నిండేది.

ఆమెకు ఒక్కతే కూతురు, మా అక్క. అక్క మొగుడు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు. సొంతూరు నుంచి అక్కడికి దూరం అవుతుందని వచ్చి అత్తగారింట్లోనే ముందు గదిలో మకాం పెట్టాడు. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, మాట్లాడితే తనకు తెలిసిన పెద్దవాళ్ల పేర్లు. మా వైపు అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, ఎదురుగా మాట్లాడదు. అందుకని ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ పెద్దమ్మ వంటింట్లో చేరి, చింతపండూ పాటా అక్కడే కానిచ్చేది. బావ అరుగు మీద కూర్చుని ఫోన్‌ను వంటింటి కిటికీలో పెట్టేవాడు. అక్కడైతే సిగ్నల్ బాగుంటుందని చెప్పేవాడు. మేము నమ్మాం.

ఒక దసరా ముందు బావ ఒక సీడీ పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. అట్ట మీద కళ్లద్దాలతో ఆయన, వెనకాల ఆయన తలలోంచి మొలిచినట్టు ఒక విమానం. కింద "రచన, గానం" అని ఆయన పేరు. "తమ్మీ, గివన్ని నేనే రాసిన. జర అందరికి చెప్పు" అన్నాడు. పండుగ రద్దీ, పైగా ఇంటి అల్లుడు. వినకుండానే కంప్యూటర్లో వేసుకుని, కనిపించిన ప్రతి కార్డులోకీ ఎక్కించాను. "మా బావదే, సొంతంగా రాసిండు, ఇనున్రి" అని గొప్పలు కూడా పోయాను. మూడో రోజు దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి మా పెద్దమ్మ బర్రె పాట వినిపించింది, బావ గొంతులో, వెనకాల కీబోర్డుతో. వెంటనే కూర్చుని ఆల్బమంతా విన్నాను. బావి, బస్సు, చివరికి మా అమ్మ పిసినారితనం కూడా. కీబోర్డుకు తగ్గట్టు రాగం కాస్త మార్చాడు కానీ మాటల్లో ఒక్క ముక్క మార్చలేదు.

ఆ కోపం ఒక ఎత్తు. సద్దుల బతుకమ్మ నాడు జరిగింది ఇంకో ఎత్తు. పెద్దమ్మ ఎప్పటిలాగే ముందు నిలబడి బావి పాట ఎత్తుకుంది. రెండు చరణాలు కాగానే పక్కవీధి పిల్ల ఒకతె ఆపేసింది. "పెద్దమ్మా, గిది మీ అల్లుడు రాసిన పాట గదా. నువ్వు తప్పు పాడుతున్నవ్. సీడీల గట్ల లేదు" అంది. ఆ పిల్ల తప్పేం లేదు, ఆ కార్డు ఎక్కించినవాణ్ణి నేను. పెద్దమ్మ చప్పట్లు కొడుతున్న చేతులు దించి, వలయంలోంచి బయటికి వచ్చి ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నలుగురిలో పాడటం మానేసింది.

బావను నిలదీస్తానని లేచాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అల్లున్ని ఏమనొస్తది కొడుకా? బిడ్డనిచ్చుకున్నోళ్లం. రేపు దాన్ని సతాయిస్తడు" అంది. మళ్లీ తనే, "పోనీ, నేనే పాడ్త. నా గొంతు నీ మిషన్ల పట్టిపెట్టు. నావని ఎవరికన్న ఎరుకైతది" అంది. నా తలలో అప్పటికి బావ మెడ తప్ప మరేమీ లేదు. "ఆగు పెద్దమ్మా, ముందుగాల వాని సంగతి చూద్దాం. నీ పాటలు యాడికి పోతయ్" అన్నాను. ఆమె ఇంక అడగలేదు.

వాడి సంగతి చూసే దారి కూడా చివరికి ఆమెకే దొరికింది. ఎదుట నిలబడని అత్త అల్లుణ్ణి తిట్టడానికి మా ఊళ్లో ఒకే ఒక్క చోటు ఉంది, పెళ్లిపాట. పెళ్లిళ్లలో వంటల దగ్గర ఆడవాళ్లు చేరి అల్లుళ్ల మీద పాటలు కడతారు. దానికో వరస ఉంది. ఒకామె ప్రశ్న వేసి ఆగుతుంది, మిగతావాళ్లు "మా అల్లుడే అమ్మా అల్లుడే" అని జవాబిస్తారు. కల్లు తాగింది ఎవ్వరే, అరిసెలు దాచింది ఎవ్వరే, ఏది అడిగినా జవాబు ఒకటే. ఆ వరస వింటే చాలు, మా ఆడవాళ్లకు నవ్వు ఆగదు. మగవాళ్ల బంతిలో కూర్చుని తిని చెయ్యి కడుక్కుని పోయే అల్లుళ్లకు మాత్రం అదొకటి ఉందని కూడా తెలియదు. రెండేళ్లు ఓపిక పట్టాక ఒక మధ్యాహ్నం, కిటికీలో ఫోన్ ఉందని చూసుకుని, పెద్దమ్మ కొత్త పాట అందుకుంది. నేను అప్పుడు వంటింట్లోనే, ఆమె పక్కన పీట మీద ఉన్నాను. ఎప్పుడూ గబగబా సాగే ఆ వరసను బాగా సాగదీసి, ఏదో తత్వం పాడినట్టు పాడింది.

"నాటని మళ్లల్ల కోతలు గోసింది ఎవ్వరే అమ్మా ఎవ్వరే
నీళ్లు పొయ్యని పాదుకు కాయలు దెంపింది ఎవ్వరే అమ్మా ఎవ్వరే"

ప్రతి చరణం తర్వాతా జవాబుకు సరిపడా ఆగింది. ఆగినప్పుడల్లా నా వైపు చూసి కన్ను గీటింది.

చేప గాలాన్ని మింగింది. నెల తిరక్కుండా బావ రెండో ఆల్బమ్ వచ్చింది, అందులో మొదటి పాట అదే. పెద్దమ్మ ఆగిన ప్రతిచోటా కీబోర్డు నింపాడు. "భూముల మీద రాసిన తమ్మీ. జర లోతుగ ఆలోచిస్తే గని సమజ్ కాదు" అని నాకే వివరించాడు. "నీ పాటలన్నిట్ల గిదే పెద్ద పాట బావా" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ ఆల్బమ్‌ను నేను చెప్పినట్టు నా జన్మలో ఇంకే ఆల్బమ్‌నూ చెప్పలేదు. మూడు ప్రశ్నలూ మానేశాను. ఏ బండైనా, ఏ రోడ్డైనా, వెనక ఎవరు కూర్చున్నా సరే, మొదట అదే ఎక్కించాను. ఇక పేరుమోసిన బాలాపూర్ వినాయకుడి మండపం నుంచి కూడా పిలుపు వస్తుందని బావ కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు.

వినాయక చవితికి మా ఊరి మండపం దగ్గర స్టేజీ వేసి బావ చేత పాడించారు. ముందు వరసలో ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. వాళ్ల మధ్య అక్క, వెనక స్తంభం పక్కన కొంగు కప్పుకుని పెద్దమ్మ. బావ కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గాల్లోకి లేపి, "నాటని మళ్లల్ల కోతలు గోసింది ఎవ్వరే అమ్మా ఎవ్వరే" అని పాడి, కీబోర్డు కోసం ఆగాడు. కీబోర్డు కంటే ముందు ఒక ఆడగొంతు లేచింది. "మా అల్లుడే అమ్మా అల్లుడే!" అది మా అక్కది. అలవాటు కొద్దీ వచ్చిందో, కావాలనే అందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండో చరణానికి ముందు వరసంతా అందుకుంది. మూడోదానికి మగవాళ్లు కూడా. బావ ముందు మెచ్చుకుంటున్నారనుకుని నవ్వాడు. తర్వాత పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, భుజాలు ఊగిపోతున్నాయి. అప్పుడు అర్థమైంది వాడికి. నాలుగో చరణం పాడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని స్టేజీ దిగాడు.

ఆ దిగడం తలచుకుంటే ఈనాటికీ నాకు సంబరంతో ఆకలి వేస్తుంది. ఆ తర్వాత ఏడాది పాటు శంషాబాద్‌లో ఏ ఆటోలో ఆ పాట మోగినా వెనక సీటు వాళ్లు జవాబు చెప్పేవాళ్లు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో తోటి డ్రైవర్లు బావను పేరుతో పిలవడం మానేసి అల్లుడా అన్నారు. బావ మళ్లీ పాట జోలికి పోలేదు. పెద్దమ్మ మాత్రం మర్నాడు ఎప్పటిలాగే వండి, అక్క చేత వడ్డింపించింది, ఒక గరిటె నెయ్యి ఎక్కువే వేయించింది.

ఆ తర్వాత రెండో ఏడు పెద్దమ్మ జ్వరంతో దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. పదో రోజున ఇంటి నిండా చుట్టాలు. ఆమె పాటలు ఎవరికి వచ్చంటే ఒకరికి చరణం, ఇంకొకరికి పల్లవి. అప్పుడు నాకు బావ ఫోన్ గుర్తొచ్చింది. కిటికీలో పెట్టి పట్టినవన్నీ అందులో ఉంటాయి కదా, ఆమె గొంతుతో సహా. అక్కను పక్కకు పిలిచి అడిగాను. "యాడున్నయ్ తమ్మీ? స్టేజి దిగొచ్చిన తెల్లారే అన్ని తుడిచేసిండు. నా ముంగట కూసోని ఒక్కొక్కటి తుడిచిండు. ఆఖరికి అమ్మ దగ్గుడు గూడ ఉంచలేదు" అంది. బావ అరుగు మీద ఉన్నాడు. వెళ్లి కొట్టాలనిపించింది. కానీ తుడిపించింది ఎవరో నాకు తెలుసు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను కూడా.

దుకాణం నాటి నా పాత హార్డ్ డిస్కు ఇంకా బీరువాలో ఉంది. ఊళ్లో వాళ్లందరి పాటలూ అందులో ఉన్నాయి. పెద్దమ్మ గొంతు లేదు. ఆమె మాటలు ఈ భూమ్మీద మిగిలి ఉన్నది ఆ దొంగ పాడిన రెండు ఆల్బమ్‌లలోనే. అందుకే మా అమ్మాయికి ఐదోదిగా బావ రెండో ఆల్బమ్ పేరే రాశాను. రాసింది ఎవరన్న చోట పెద్దమ్మ పేరు పెట్టాను. ఎందుకు వినాలన్న చోట, "మొదటి పాటలో కీబోర్డు మోగే చోట గట్టిగా జవాబు చెప్పండి, జవాబు ఏమిటో మా అమ్మాయి చెబుతుంది" అని రాసి పంపాను. పగ తీర్చుకోవడానికి రెండేళ్లు ఓపిక పట్టినవాణ్ణి, పెద్దమ్మ తనంతట తానే పాడతానన్న రోజు పది నిమిషాలు కూర్చోలేకపోయాను.