అట్ట మీద ముచ్చట

ఆ రోజుల్లో యువత అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. అప్పుడు నాకూ ఇరవై మూడేళ్ళే, అయినా మండేది. ఎందుకంటే ఆ యువతను పత్రిక అట్ట మీది నాలుగు ముక్కలతో పట్టి లాగడమే నా ఉద్యోగం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉండేది మా మాసపత్రిక. అందులో ఎడిటరు గారు, నేను, ఒక కంప్యూటరు (అదీ కరెంటుంటేనే). తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి పరీక్షల వాయిదా. బస్సుల్లేక ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చి, చెప్పులు విప్పి కాళ్ళు ఒత్తుకుంటూ "యువతరమా, పరుగెత్తు!" అని రాసేదాన్ని. నన్ను పరుగెత్తమంటే ఆ కుర్చీలోనే పడి నిద్రపోయేదాన్ని.

ఎడిటరు గారిది తెనాలి వైపు. మనిషి మంచివారే కానీ నేనేం రాసినా "చప్పగా ఉందమ్మా, ఉప్పేదీ?" అనేవారు. "ఇరవై ఏళ్ళ కుర్రాడు తనంతట తాను ఆగడు. చెయ్యి పట్టి ఆపాలి" అనేవారు. ఇంటికెళ్తే నాన్న ఇంకో పాట. "గా పుస్తకం మూతవడ్డదనుకో, సప్పుడు చెయ్యకుండ బీఎడ్‌ల చేరాలె" అన్నాడు. సరేనని మాటిచ్చేశాను. నాకేమో పిల్లలంటే భయం. తెల్లారితే బడి, చేతిలో సుద్దముక్క, ఎదురుగా అరవై తలకాయలు... తలచుకుంటేనే నీరసమొచ్చేది.

పత్రిక మూతపడేలాగే ఉంది. పత్రికలమ్మే బంకుల నుంచి అమ్ముడుపోని కాపీలు కట్టలు కట్టలుగా వెనక్కి వస్తున్నాయి. ఒకరోజు ఎడిటరు గారు పిలిచి, "కుర్రాళ్ళంతా మీ భాషలో మాట్లాడుతుంటే మనం ఇంకా పాఠ్యపుస్తకంలా అరుస్తున్నాం. ఈసారి అట్ట మీద మీ తెలంగాణ మాట పడాల్సిందే. ఇదీ అమ్ముడుపోలేదంటే దుకాణం కట్టేద్దాం" అన్నారు. లోపల ముఖ్య వ్యాసం ఒక లెక్చరరు గారిది. తోటి విద్యార్థినుల ఎదుట నోరు పెగలని అబ్బాయిలు మర్యాదగా ఎలా మాట్లాడాలి అని. మా నల్గొండ వైపు నలుగురు కూర్చుని మాట్లాడుకోవడాన్ని ముచ్చట అంటాం. మా అమ్మ నోట్లో రోజూ నలిగే మాట. ఇంకేం, రాసేశాను: "అమ్మాయితో ముచ్చట... మొదటిసారి భయమా?"

కాగితం చూసి ఎడిటరు గారి ముఖం ఎర్రబడింది. "ఏమ్మా, మరీ ఇంత బాహాటంగానా?" అన్నారు. నా భాష నచ్చలేదు కాబోలు అనుకున్నాను. రోషం ముంచుకొచ్చింది.

"ముచ్చట అంటే తప్పేంది సార్? మా ఇంట్ల అందరం కూసొని పెట్టుకుంటం."

"అందరూనా?"

"అమ్మ, నాయిన, పక్కింటోళ్ళు గూడ. కరెంటు పోతే ఇంక ఎక్కువ."

ఆయన గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేశారు. "పక్కింటివాళ్ళు కూడా..." అని గొణిగి, కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న ఉద్యమం ఊరేగింపు వంక చూసి, నా వంక చూసి, కాగితం మీద సంతకం పెట్టేశారు. నేను గెలిచినట్టు పొంగిపోయాను.

అట్ట బయటికొచ్చింది. ఏలూరు నుంచి వచ్చి స్థిరపడిన మా ఇంటి ఓనరాంటీ దాన్ని బోర్లా తిప్పి పెట్టి, "ఇలాంటివి రాస్తున్నావని మీ నాన్నగారికి తెలుసా?" అంది. "తెలుసాంటీ, మస్తు సంబురపడ్డడు" అన్నాను. ఆవిడ ఆ నెలంతా మా నాన్నకు ఎదురుపడలేదు. పత్రిక మాత్రం ఒక్క కాపీ మిగల్లేదు. బంకులవాళ్ళు ఫోన్లు చేసి మళ్ళీ అడిగారు. మా మాట అట్ట మీద పడిందని మావాళ్ళు కొంటున్నారనుకుని మురిసిపోతుంటే, భీమవరం నుంచి కోచింగ్‌కొచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు ఆఫీసు మెట్లెక్కారు.

"ఏమండీ, ముచ్చట అని చెప్పి లోపల నమస్కారం ఎలా పెట్టాలో రాశారేంటండీ? మోసం కదండీ!"

"ముచ్చటంటే మాట్లాడుడే గద?" అన్నాను.

వాళ్ళలో ఒకడు సిగ్గుపడుతూ గోడ వంక చూశాడు. "మావైపు అచ్చటా ముచ్చటా అంటే... అది పెళ్ళయ్యాక కదండీ" అన్నాడు. నేను ఎడిటరు గారి వంక తిరిగాను. ఆయన పెన్ను మూత కోసం బల్ల కింద వెతుకుతున్నారు. మూత పెన్నుకే ఉంది.

కుర్రాళ్ళు వెళ్ళాక నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "మా అమ్మ గురించి, నా గురించి అంత మాట అనుకొని గూడ ఊకున్నరా సార్? అడగొచ్చు గద?"

"అడిగితే మీ భాషని తక్కువ చేశానంటావేమోనని భయమేసిందమ్మా" అన్నారాయన. "బయట చూస్తే అలా ఉంది. లోపల నువ్వొక్కదానివే మాట్లాడే మనిషివి. నీకూ కోపమొస్తే ఎలా?"

ఏడాదిగా ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటున్నాం. ఒక మాటకు అర్థమేమిటని అడగడానికి ఆయన జంకారు. ఆయన ముఖం ఎందుకు ఎర్రబడిందని అడగడానికి నాకు రోషం అడ్డొచ్చింది. ఎవరు ఎవరికి భయపడుతున్నారో తెలియని అలసట ఆ రోజుల్లో ఊరంతా ఉండేది. మా ఆఫీసులోనూ ఉండేది, కాకపోతే అది కాళ్ళ నొప్పి అనుకున్నాను.

ఆ నెలకు నా ఉద్యోగం నిలిచింది. మరుసటి ఏడాది పత్రిక ఎలాగూ మూతపడింది, నేను బీఎడ్ చేశాను, ఇప్పుడు ఆ అరవై తలకాయలు లేని ఆదివారం నాకు తోచదు. బుర్ర నిండా రోషంతో, అరికాళ్ళ నిండా బొబ్బలతో తిరిగిన ఆ పిల్లను తలచుకుంటే జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. కుర్రాళ్ళు వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఎడిటరు గారు టీ తెప్పించారు. వాళ్ళ ఊళ్ళో దేన్ని ఏమంటారో ఆయన, మా ఊళ్ళో ఏమంటారో నేను, చీకటి పడేదాకా ముచ్చట పెట్టుకున్నాం. (మీది ఏ జిల్లా అయినా సరే, దయచేసి మా అర్థమే తీసుకోండి.)