పాస్టరమ్మ పోయించిన మట్టి

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో మా పక్కింటి పాస్టరమ్మ పోయిన నెల చనిపోయింది. ఉదయాన్నే చిక్కుడు పందిరికి తాడు కట్టి ఇంటికి వచ్చి, కాఫీకి స్టవ్ వెలిగించబోతూ కుప్పకూలిందట. ఆమె భర్త పాస్టరుగారు గనులు మూతపడక ముందే పోయారు. అయినా ఆమె మాకు చివరిదాకా పాస్టరమ్మే.

మా వైపు క్రైస్తవులు శ్మశానాన్ని సమాధుల తోట అంటారు. ఆ తోటలో నిలబడి మా లైన్ల, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరసల, సంఘం కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. "అమ్మ గుర్తుగా ఆ కాయగూరల జాగాలో ఫంక్షన్ షెడ్డు కట్టిస్తాం. అమ్మ పేరే పెడతాం" అన్నాడు. కొందరు తలలూపారు. ఆమె మీద మన్ను పూర్తిగా పడకముందే ఆమె మడులకు ఎసరు పెట్టాడు. అందుకే ఈ నాలుగు మాటలు ఆమె కోసం మాత్రమే రాయడం లేదు. అతను కూడా చదవాలి.

గనులు మూసేశాక ఇక్కడి మగవాళ్ళకు రెండే పనులు మిగిలాయి. ఓపిక ఉన్నవాళ్ళు తెల్లారి రైలెక్కి బెంగళూరు పోయేవారు. లేనివాళ్ళు అరుగు మీద కూర్చుని గని మళ్ళీ తెరుస్తారని చెప్పుకునేవారు. టైమాఫీసు గుమాస్తాగా చేసిన నేను రెండో రకం. చేతిలో ఎప్పుడూ ఏదో లావుపాటి పుస్తకం. ఒకరోజు లైన్ల వెనక కంపచెట్లు కొడుతూ పాస్టరమ్మ కేకేసింది.

"ఏమప్పా క్లర్కూ, గని తెరిచేదాకా చదవతానే ఉంటావా? ఇంగ లేసి ఈ కంప ఈడ్చు."

"ఈ జాగాలో ఏం చేస్తావమ్మా?"

"టమోటా, వంకాయ వేస్తాం. ఇంటికొక మడి. మడి ఎవరిది వాళ్ళది, నీళ్ళు మాత్రం అందరివీ."

ఏ ఇంట్లో పాత్రలు కడిగిన నీళ్ళైనా అక్కడికే రావాలని ఆమె కట్టడి చేసింది. రాజులు వేయించిన తోటల గురించి పేజీలకు పేజీలు చదివాను. అంట్ల నీళ్ళతో పెరిగిన తోట మాత్రం నాకు ఏ చరిత్రలోనూ తగల్లేదు.

మొదటి ఏడు ఏమీ పండలేదు. నేల గట్టిగా ఉందని, సయనైడ్ దిబ్బ నుంచి మెత్తటి బూడిదరంగు ఇసుక తెప్పించి మడులన్నిటికీ చల్లించింది పాస్టరమ్మ. బయటివాళ్ళెవరూ ఈ పొరపాటు చేయరు. కానీ మేమంతా ఆ దిబ్బల మీద జారి ఆడుకుని పెరిగినవాళ్ళం. సయనైడ్‌తో బంగారం తీసేయగా మిగిలిన ఆ పొడి మాకు ఉత్త ఇసుక. సయనైడ్ అని రోజూ నోటితో అంటున్నా, ఆ మాటకు అర్థం ఉందని ఒక్కరికీ తట్టలేదు. మొలకలు పాలిపోయి చచ్చాయి.

అప్పుడు కూడా ఈ కార్యదర్శే వచ్చాడు. "చూసినారా, ఈ నేల కట్టేదానికే గానీ తినేదానికి కాదు. ప్రార్థన చేసుకోండి పాస్టరమ్మా, మీకెందుకీ సేద్యం?"

"చేసినానప్పా ప్రార్థన. పార పట్టుకోమని జవాబొచ్చినాది."

తర్వాత మా అందరి వైపు తిరిగింది. "తప్పు నాది. మీ మడుల్లో పోయించింది నేను. తీసేదీ నేనే."

అన్నట్టే చేసింది. మోకాళ్ళ నొప్పికి నిలబడలేక, కూర్చుని జరుగుతూ మడి మడికీ పైమన్ను గీకింది. అంతా తిరిగి దిబ్బకే తోలించింది. ఆమె పుట్టిల్లు సుగటూరు. అక్కడ చెరువులో పూడిక తీస్తున్నారని తెలిసి, తమ్ముణ్ణి పోరి ట్రాక్టర్లతో నల్లమట్టి రప్పించింది. అరుగు మీది మగవాళ్ళం ఒక్కొక్కరమే దిగాం. జ్ఞానోదయమై కాదు, ఆమె నోటికి భయపడి.

ఆ మట్టిలో వంకాయ కాసింది. మొదటి కాయ మాత్రం పక్క మడివాళ్ళకు ఇవ్వాలనేది. మాటలు లేని ఇళ్ళు కూడా ముఖం తిప్పుకునే కాయలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఎవరైనా విసుక్కుంటే, "ఇన్నేండ్లు ఈ నేలను తవ్వి తిన్నాం గదా, దానికి మన మీద కోపం ఉండాది. బతిమాలుకోవాల" అనేది. బతిమాలడమంటే ఆమె దృష్టిలో కలుపు తీయడం.

ఖననం తర్వాతి ఆదివారం కార్యదర్శి ఇద్దరు మనుషులతో వచ్చి, మడుల మీదుగా షెడ్డు పునాదికి సున్నం గీత పోయించాడు. నేను కుర్చీ తెచ్చుకుని గీత మీద కూర్చున్నాను.

"లేయండి సార్, పని కావాల."

"కానివ్వు నాయనా. నన్నూ పునాదిలో కలిపేయ్."

అతను నవ్వబోతుండగా ఆరాధన ముగిసి, ఆడవాళ్ళు చర్చి నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. చేతుల్లో వంగనారు. వాళ్ళలో కార్యదర్శి భార్య కూడా ఉంది.

"నువ్వు యాడికి?" అన్నాడతను.

"నా మడికి. దినామూ నీ రసంలోకి టమోటా యాడనుంచి వస్తాదనుకున్నావు?"

అతని మనుషులు సున్నం తట్ట కింద పెట్టేశారు. ఆడవాళ్ళు వంగి నారు నాటడం మొదలుపెట్టారు. కాసేపటికి గీత ఎక్కడుందో కనబడలేదు. ఆదివారం చీరల అంచులు మాత్రం ఆ సున్నమంటి తెల్లగా, మడి నుంచి మడికి కదులుతున్నాయి.