ఆలస్యంగా పూసిన కంది

కంది మొక్క ఎన్నో రోజున పూస్తుందో లెక్కపెట్టడం నా పీహెచ్‌డీ. అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు. పొలం ఉప్పల్ అవతల, నా మకాం హబ్సిగూడ హాస్టల్లో. మా ఊరు గుంటూరు వైపు. నోటి దురుసు కూడా అక్కణ్ణుంచే మోసుకొచ్చానని స్నేహితులు ఏడిపించేవారు.

నాటు కంది రాత్రులు పొడుగయ్యేదాకా పూయదు. మేం పెంచే తొందర రకం రాత్రుల సంగతే పట్టించుకోదు, వానాకాలంలోనే పూసేస్తుంది. ఆ తేడా ఒకే జన్యువు చేతిలో ఉందని చూపించాలి నేను. రెండు రకాలూ పక్కపక్క సాళ్ళలో ఉండేవి. రెంటినీ సంకరం చేయడానికని, ఒకేసారి పూసేలా మొదటి ఏడు తొందర రకాన్ని ఆలస్యంగా విత్తాం. తేనెటీగలు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి చేర్చకుండా, మొగ్గ విచ్చకముందే కొమ్మలకు పల్చటి గుడ్డ సంచులు కట్టాలి. ఆ ఏడు వాన పడుతోందని ముసుగుతన్ని పడుకున్నాను. నాలుగు రోజులు ఆలస్యంగా కట్టి, ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు ఆ విత్తనం వేస్తే, తొందర రకం సాళ్ళలో కొన్ని మొక్కలు పూత లేకుండా నిలబడ్డాయి. ఇదేమిటని మా గైడు, పెద్దసారు, పొలంలోనే నిలదీశారు. గింజలు ఒలిచి కవర్లలో పోసేది నాచారం నుంచి కూలికి వచ్చే ఒక అక్క.

"ఆవిడే గింజలు కలిపేసి ఉంటుంది సార్," అన్నాను.

పక్క సాలులో కలుపు తీస్తున్న ఆమె లేచి నిలబడింది. "నేను కలపలే సారూ. ఏ గింజలు గా కవర్లనే పోసిన."

"మరి ఇవి ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?" అని అరిచాను. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు.

పూయని ఆ మొక్కలకు ఈసారి వేళకే సంచులు కట్టి, వాటి గింజలు ఇంకో ఏడు వేశాను. అవి నాటు గింజలే అయితే వాటి పిల్లలన్నీ ఆలస్యంగానే పూయాలి. అలా జరగలేదు. ప్రతి నాలుగింటిలో దాదాపు ఒకటి తొందరగా పూసింది. అంటే తొందర గుణం ఆ మొక్కల్లో దాగి ఉంది; అది తేనెటీగ చేసిన సంకరం, ఆమె కలిపిన గింజ కాదు. సాలు మధ్య తలెత్తలేకపోయాను. అయినా, చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది, ఆ సంకరం నా చేత్తో నేనే చేసినట్టు థీసిస్‌లో రాసుకున్నాను.

ఆమె నాచారంలో పచ్చళ్ళు ప్యాక్ చేసే చోట చేరిందని విని, ఓ సాయంత్రం గేటు దగ్గర కాచుకున్నాను. తేనెటీగలు, సంచులు, నా బద్ధకం అన్నీ చెప్పి, క్షమించమన్నాను.

"నాకు గప్పుడే ఎరుక సారూ. సంచులు కట్టకముందే పూలు విచ్చుకున్నయి, నేను జూసిన. జెప్తే నీ సదువు ఖరాబైతదని ఊకున్న," అంది. కొంగు సర్దుకుంటూ అడిగింది. "పెద్దసారుకు జెప్పినవా?"

లేదన్నాను. ఆమె బస్సు వైపు నడిచింది.

మర్నాడు చెబుదామనుకున్నాను. డిగ్రీ చేతికి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. పెద్దసారు రిటైరైన రోజున ఆయన మెడలో దండ వేసింది కూడా నేనే.